నూనె రాసిన తూటాలు

హార్లిక్స్ డబ్బా మూత తియ్యగానే షౌకత్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. తుపాకీ మందు వాసనైతే ముప్పై ఏళ్ళుగా పీలుస్తున్న ముక్కు అతనిది, ఉలకదు, పలకదు. ఇది ఆ వాసన కాదు. ముక్కిపోయిన నువ్వుల నూనె, దాని మీద మిరపకాయ ఘాటు.

"ఛీ! ఇవి తూటాలా, ఊరగాయ ముక్కలా?" అన్నాడు.

హెడ్ కానిస్టేబుల్ గోపాలకృష్ణయ్య టోపీ మోకాలి మీద పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. గురజాల వైపు నుంచి తెల్లారగట్ల బస్సుకి బయలుదేరి, గోనెపట్టాలో చుట్టిన జోడు గొట్టాల తుపాకీ, ఈ డబ్బా, స్టేషన్ నుంచి ఒక కాగితం పట్టుకుని నరసరావుపేట వచ్చాడు. కోర్టు వెనక సందులో షౌకత్ కొట్టు. తలుపు మీద 'లైసెన్సు పొందిన ఆయుధముల మరమ్మతుదారు' అని రేకు బోర్డు. ఆ బోర్డు కిందే వాళ్ళ నాన్న కూర్చుని పనిచేశాడు, ఇప్పుడు ఇతను చేస్తున్నాడు.

"వాసన సంగతి తర్వాత చూద్దాం భాయ్. ముందు సంగతి విను," అన్నాడు హెడ్డు. "తుపాకీ ధనుంజయరావు గారిది. మా దగ్గర ఊరి సర్పంచు. ఆయన వేరుశనగ చేలో కాపలా ఉండే ఏసురత్నం చేతిలో పేలింది. కుడిచెయ్యి రెండు వేళ్ళు పోయినయ్యి. మొహమంతా పొక్కులు."

"కన్ను?"

"కన్ను దక్కింది. అదొక్కటే దేవుడి దయ. ఇప్పుడు రావుగారేమో వాడు తన ఇంట్లోంచి తుపాకీ దొంగిలించి పందుల వేటకి పోయాడని కంప్లైంటు ఇచ్చాడు. వాడేమో, కాపలాకి వాళ్ళే ఇచ్చారని మొత్తుకుంటన్నాడు. ఈ డబ్బా మంచె మీద దొరికింది. రావుగారు ఇది నాది కాదు, నా ఇంట్లో ప్లాస్టిక్ తూటాలు తప్ప ఇంకోటి ఉండదు అంటున్నాడు. ఆయన బీరువాలోవి నాలుగు తెచ్చా. తుపాకీలో తప్పుందా, తూటాలో ఉందా, మనిషిలో ఉందా, నువ్వు చూసి రాసివ్వాలి."

షౌకత్ తుపాకీని గోనెపట్టాలోంచి తీసి బల్ల మీద పరిచిన పాత దుప్పటి మీద పెట్టాడు. గొట్టాలు వంచి, తూటాలు పెట్టే రెండు గదులూ ఖాళీగా ఉన్నాయని కంటితో చూశాడు, చిటికెన వేలు పెట్టి తడిమి చూశాడు. ఎవరు తెచ్చినా, ఖాళీదేనని ఎంత ఒట్టు పెట్టినా, ఆ వేలు పెట్టకుండా అతను పని మొదలుపెట్టడు. తర్వాత గొట్టాలని కిటికీ వెలుతురుకి ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. కుడి గొట్టం మొదట్లో నల్లగా కాలిన మరక, దాని అంచున ఎండిన జిగురు. వేలితో గీరి వాసన చూశాడు. మళ్ళీ అదే నూనె.

తూటా అడుగుని కొట్టే సూదులు రెండూ బయటికి తీశాడు. మొనలు గుండ్రంగా, సరిగ్గా ఉన్నాయి. స్ప్రింగులు బొటనవేలితో నొక్కితే ఎదురు తన్నుతున్నాయి. పేలిపోయిన ఖాళీ తూటాలకి కొత్త క్యాపులు బిగించి, ఒక్కో గొట్టంలో పెట్టి, వీధివైపు కాకుండా ఇసక బస్తా వైపు తిప్పి నొక్కాడు. టప్. టప్. పదిసార్లు నొక్కితే పదిసార్లూ క్యాపు పేలింది.

"తుపాకీ నిక్షేపంగా ఉంది," అన్నాడు.

ఇక డబ్బా. ఆరు తూటాలు. ప్లాస్టిక్ డొల్లవి కాదు, కాగితం డొల్లవి, పాతవి. తడికి ఉబ్బి, మళ్ళీ ఎండి, ఒళ్ళంతా గజ్జి పట్టినట్టు పొరలు పొరలుగా లేచాయి. షౌకత్ ఒకదాన్ని గుడ్డముక్కతో పట్టుకుని అడుగు చూశాడు. పావలా బిళ్ళంత ఇత్తడి, దాని మధ్యలో క్యాపు. సూది ఆ క్యాపుని కొడితేనే లోపల మందు అంటుకునేది. పేలిన తూటా క్యాపు మీద గుంట ఉంటుంది, పేలనిదాని మీద ఉండకూడదు. వీటి మీద ఉన్నాయి. ఒకదానికి రెండు, ఒకదానికి ఏకంగా మూడు.

భూతద్దం పెట్టి ఆ గుంటల్నీ, ఇందాక తను పేల్చిన క్యాపుల మీది గుంటల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఎడమ సూది గుంట అంచు కొంచెం కోలగా పడుతుంది. రెండింటి మీదా అదే కోల.

"హెడ్డుగారూ, ఇవి ఈ తుపాకీలోనే పెట్టి కొట్టినవి. ఒక్క రోజు కాదు. పేలకపోతే తీశారు, మళ్ళీ పెట్టారు, మళ్ళీ కొట్టారు. దొంగతనానికి వచ్చినవాడు మూడుసార్లు తుస్సుమన్న తూటా మళ్ళీ దాచుకుంటాడా?"

"పదిసార్లు దొంగిలించాడంటాడు రావుగారు. ఆయన నోటికి అడ్డమేముంది?"

షౌకత్ ఒక తూటాని బిగింపులో పెట్టి మెల్లగా మూతి విప్పాడు. మందు పొడిపొడిగా రాలాలి. తడిసిన పంచదారలా గడ్డకట్టి, చివర్న పసుప్పచ్చగా నూనె మెరుస్తూ కింద పడింది. నూనె క్యాపులోకి కూడా దిగింది.

అతనికి ఒళ్ళు మండిపోయింది. "ఏ గాడిద రాశాడండీ దీనికి నూనె? తుపాకీకి నూనె రాస్తారుగానీ తూటాకి రాస్తారా? ఇది బండి ఇరుసా? ఇంత బుద్ధిలేని పని చేసినోణ్ణి నుంచోబెట్టి తన్నాలి!"

"రాసింది దొరికితే నేనే తంతా," అని హెడ్డు లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. "పద, పేల్చి చూద్దాం."

ఊరవతల పాత రాళ్ళ క్వారీలో, మధ్యాహ్నం ఎండలో, షౌకత్ తుపాకీని రెండు ఇసక బస్తాల మధ్య తాళ్ళతో కట్టాడు. ట్రిగ్గరుకి పురికొస కట్టి, ఇరవై అడుగుల వెనక బండరాయి చాటుకి తెచ్చాడు. రావుగారి బీరువాలోని ప్లాస్టిక్ తూటాలు నాలుగూ పేలాయి. పేటలో కొట్టు నుంచి స్టేషన్ చీటీ మీద తెచ్చిన కొత్త కాగితం తూటాలు నాలుగూ పేలాయి. అంటే కాగితం తప్పు కాదు. ప్రతిదానికీ చిన్న పుస్తకంలో గీత గీసుకున్నాడు. డబ్బాలో మిగిలిన అయిదింటిలో ఒకటి సీలు వెయ్యటానికి పక్కన పెట్టి, నాలుగు పేల్చటానికి తీసుకున్నాడు.

మొదటిది గదిలోకి నూనె జిగురుతో జారుకుంటూ పోయింది. తాడు లాగాడు. టిక్. అంతే. షౌకత్ వాచీ చూసుకుంటూ రెండు నిమిషాలు ఆగి, పక్కనుంచి వెళ్ళి తీశాడు. రెండోది పేలిందిగానీ దగ్గినట్టు పేలింది, గుళ్ళు పాతిక అడుగుల్లోనే రాలాయి. మూడోది మళ్ళీ టిక్. నాలుగోది పెట్టి తాడు లాగాడు. టిక్.

"ఇదీ అంతేగా," అంటూ గోపాలకృష్ణయ్య అడుగు ముందుకేశాడు.

షౌకత్ అతని బెల్టు పట్టుకుని వెనక్కి గుంజాడు. హెడ్డు తూలి బండరాయి మీద చతికిలపడ్డాడు. "ఏందయ్యా..." అనబోయేంతలో తుపాకీ దడేల్మని పేలింది. బస్తాలు ఎగిరిపడ్డాయి. క్వారీ గోడల్లో పావురాళ్ళు లేచి పోయాయి.

హెడ్డు మెడ తుడుచుకున్నాడు.

"ఇదే జరిగింది," అన్నాడు షౌకత్. "పేలలేదనుకుని గొట్టం వంచాడు. వంచాక పేలింది. మూసిన తుపాకీలో పేలితే గుళ్ళు ముందుకి పోతాయి. వంచిందాంట్లో పేలితే చేతిలోకి, మొహంలోకి వస్తది. మనిషి బతికాడంటే అదే గొప్ప."

"వాడికి ఆగాలని తెలియదా?"

"అడగాలి. రేపు నేనూ వస్తా. ఆ మనిషిని చూడకుండా రాయను."

* * *

బస్సు దిగి మిరపచేల గట్ల వెంట అరమైలు నడిస్తే ఏసురత్నం ఇల్లు. రెండు గదుల పూరిల్లు, ముందు చిన్న పందిరి. ఏసురత్నం నులకమంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. గడ్డం మీద, చెంప మీద నల్లటి చుక్కలు మందు దిగబడి ఉండిపోయాయి, ఇక అవి పోవు. అతని భార్య దీనమ్మ చాప వేసింది. పోలీసాయన్ని చూసి బెదరలేదు, పదిరోజుల్లో అలవాటైపోయినట్టుంది. షౌకత్‌ని చూసి మాత్రం, "ఈ అన్న ఎవరు?" అని అడిగింది.

"పేట నుంచి తీసుకొచ్చా, తుపాకీ సంగతి రాసేదానికి," అన్నాడు హెడ్డు.

ఆమె లోపలికి పోయి రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. హెడ్డు గ్లాసు తీసుకుని పక్కన పెట్టుకున్నాడు. పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఉంచాడు. షౌకత్ తాగాడు. బెల్లం టీ, వేడిగా ఉంది, పొద్దున్నుంచి ఏమీ తినని కడుపుకి హాయిగా ఉంది.

"తుపాకీ ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నావు?" అని అడిగాడు.

"పోయిన వేరుశనగ పంట నుంచన్నా. పొద్దుగూకే ముందు అయ్యగారింటికి పోతే వాళ్ళావిడ ప్రమీలమ్మగారు తుపాకీ, డబ్బా ఇచ్చేది. తెల్లారి మళ్ళా అప్పజెప్పాల. పేలిన డొల్లలన్నీ లెక్కగా ఇయ్యాల. ఒక్కటి తగ్గినా అమ్ముకున్నావురా అనేవోళ్ళు."

"పేలనివి?"

"అయ్యీ ఇయ్యాల. అయ్యి చానా ఉండేయి. నాలుగు పెడితే రెండు తుస్సు. అయ్యి మళ్ళా నూనె రాసి, ఎండబెట్టి, మళ్ళా నాకే ఇచ్చేవోళ్ళు."

షౌకత్ గ్లాసు కింద పెట్టాడు. మూడు గుంటల సంగతి అర్థమైంది. తుస్సుమన్న తూటాకి మళ్ళీ నూనె, మళ్ళీ ఎండ, మళ్ళీ అదే మనిషి చేతికి. చచ్చేదాకా అన్నమాట, తూటా అయినా, మనిషయినా.

"ప్లాస్టిక్‌వి ఎప్పుడూ ఇవ్వలేదా?"

ఏసురత్నం నవ్వబోయాడు, చెంప లాగి ఆగిపోయాడు. "అయ్యి అయ్యగారియ్యి. కౌజుపిట్టలకి, చుట్టాలొచ్చినప్పుడు. మనం చెయ్యి పెట్టకూడదు."

"మరి తుస్సుమన్నాక ఆగాలని నీకెవరూ చెప్పలేదా? గొట్టం అటే తిప్పి ఉంచాలని?"

"తుస్సుమంటే వెంటనే తీసి ఇంకోటి పెట్టమన్నాడు అయ్యగారు. పంది ఆగుద్దా అన్నా మనకోసం? ఆ పొద్దు తెల్లారతన్నది, మొగపంది, ఎదురుగా వచ్చింది. టిక్‌మంది. వంచాను. అంతే నాకు తెలిసింది."

అతను కట్టు వైపు చూసుకున్నాడు. "వేళ్ళు పోయినందుక్కాదన్నా. దొంగోణ్ణంట. ఇరవై ఏళ్ళు వాళ్ళ చేలు కాసినా. ఈ కేసు పడితే నన్ను ఏ చేలోకి రానిస్తారు?"

గోపాలకృష్ణయ్య గొంతు సవరించుకున్నాడు. "అది కాదురా ఏసురత్నం, ఆ డబ్బా రావుగారింట్లోదని చూసినోళ్ళు ఎవరన్నా ఉన్నారా? నీ మాట, నీ పెళ్ళాం మాట కోర్టులో నిలబడదు. ఇంకెవరన్నా?"

"నేను రాశానయ్యా నూనె!" దీనమ్మ గుంజకి ఆనుకుని ఉన్నది ముందుకొచ్చింది. "ఈ చేతుల్తోనే. వానలకి ఉబ్బి తుపాకీలో దూరట్లేదని, మిరపకాయలు ఎండబోసిన పట్టా మీదే ఒక పక్కన పోసి, నువ్వుల నూనె గిన్నె నా చేతికిచ్చింది ప్రమీలమ్మగారు. ఒక్కోదానికీ రాసి వరసన పేర్చా. కాకులు ఎత్తుకుపోతాయని మేడ మీద పొద్దుగూకులూ కాపలా కూర్చున్నా. నా మొగుడి వేళ్ళు తీసే దానికి నేనే నూనె రాసి, నేనే కాపలా కాసినానయ్యా."

ఆమె ఏడవలేదు. ఆ మాట ఇప్పటికి ఎన్నిసార్లు అనుకుందో, అరిగిపోయి వచ్చింది.

"అట్టా రాయమని ఎవరు చెప్పారంట?" అన్నాడు షౌకత్. అడిగేటప్పుడు కూడా అతని గొంతులో ఆ గాడిద మీద కోపమే ఉంది.

"పేటలో తుపాకీ సాయిబు ఒకడున్నాడంట, ఆడు చెప్పాడంట అయ్యగారికి. పారెయ్యాల్సిన పన్లేదు, కాస్త నూనె రాసి ఎండబెట్టుకోమన్నాడంట. ఆడి చేతులు పడిపోను! ఆడికి పిల్లలుండారో లేదో, ఆడి నోట్లో మన్నుబడ!"

హెడ్డు షౌకత్ వైపు చూశాడు. షౌకత్ ఖాళీ గ్లాసు వైపు చూస్తున్నాడు.

పోయిన దీపావళి ముందు. ముసురు. శుక్రవారం. నమాజుకి టైమైపోతోంది, టోపీ పెట్టుకుని కొట్టు తలుపు వేస్తున్నాడు. వీధిలో జీపు ఇంజను ఆపకుండా నిలబడింది. ధనుంజయరావు జీపులోంచే చెయ్యి చాచి ఉబ్బిన కాగితం తూటాలు గుప్పెడు చూపించాడు. "ఏంది సాయిబూ, రెండు పెట్టెలు పాడైపోయినయ్యి. పారెయ్యమంటావా?" పారెయ్యమనే చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ లైసెన్సు రెన్యువల్‌కి కాగితం పెట్టి ఉంది, రావుగారు గుంటూరులో నలుగురికి తెలిసిన మనిషి. పెద్దమనిషికి నచ్చని మాట ఎందుకని, నవ్వి, "పారెయ్యటమెందుకండీ, కాస్త నూనె రాసి ఎండబెడితే అవే దూరతయ్యి" అన్నాడు. జీపు పోయింది. అతను నమాజుకి పోయాడు. మళ్ళీ ఆ మాట అతనికి గుర్తే రాలేదు, నిన్న డబ్బా మూత తీసినప్పుడు కూడా రాలేదు.

"పోదాం," అని లేచాడు.

దీనమ్మ గ్లాసులు తీసుకుంటూ, "నిజం రాయన్నా. నీ పిల్లలు చల్లగుండాల," అంది.

అతను తలూపాడు. చెప్పులు వేసుకుని గట్టెక్కాక వెనక్కి చూడలేదు. బస్సులో అంత దూరమూ హెడ్డు ఏమీ అడగలేదు. ఆ టీ మాత్రం షౌకత్ గొంతులోకి నాలుగైదుసార్లు పుల్లగా పైకి వచ్చింది.

* * *

మర్నాడు పదింటికి జీపు కొట్టు ముందు ఆగింది. ఈసారి ఇంజను ఆపారు. ధనుంజయరావు దిగాడు. తెల్లటి పంచె, జేబులో రెండు పెన్నులు. లోపలికి వచ్చి, హెడ్డు కూర్చున్న స్టూలు మీదే కూర్చున్నాడు.

"ఏంది షౌకతూ, క్వారీలో దీపావళి చేశావంట."

"పేల్చి చూడకుండా రాయకూడదు కదండీ."

"చూడు, చూడు. నీ పని నువ్వు చెయ్యి." జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "తుపాకీ బాగుంది, నా ప్లాస్టిక్ తూటాలు బాగున్నయ్యి. నిజమే కదా? అదే రాయి. వాడు ఎక్కడి తూటాలో తెచ్చి పెట్టుకున్నాడు, చేతగాక పేల్చుకున్నాడు. అదీ నిజంలాగే ఉంటది. ఆ డబ్బా నేనెప్పుడూ చూళ్ళా. నువ్వూ చూళ్ళా."

షౌకత్ చేతిలో స్ప్రింగు ఒకటి ఉంది. దాన్ని నూనెగుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.

"పోయిన దీపావళికి నేను నీ దగ్గరికి రాలా," అన్నాడు రావు మెల్లగా. "నువ్వు నాకేం చెప్పలా. ఆ మాట నేను ఎక్కడా ఎత్తలేదు చూడు. ఎత్తితే నీ గతి ఏంది? నీ మర్యాద నేను కాపాడుతున్నా. నా మర్యాద నువ్వు కాపాడు. నీ రెన్యువల్ కాగితం ఎక్కడుందో కనుక్కున్నాలే, వచ్చే వారం కదులుద్ది."

"పారెయ్యమని చెప్పాల్సింది నేను," అన్నాడు షౌకత్.

రావు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "చెప్తే పారేసేవాణ్ణా? లైసెన్సు మీద ఏడాదికి వచ్చేయే ఇన్ని తూటాలు. పందుల మీద కొత్తవి తగలేస్తారా ఎవరన్నా? కాపలావాడికి ప్లాస్టిక్‌వి ఎందుకయ్యా? వాడికి పేలినా ఒకటే, పేలకపోయినా ఒకటే, చప్పుడు చేస్తే చాలు." లేచి పంచె దులుపుకున్నాడు. "రెండు బస్తాల వడ్లు పంపించా వాళ్ళింటికి. ఎవరు పంపిస్తారు చెప్పు ఈ రోజుల్లో? ఆ ఆడది తిప్పి పంపింది. పొగరు!"

గుమ్మం దగ్గర ఆగి, షౌకత్ చేతిలోని స్ప్రింగు చూసి, "పనిమంతుడివి," అని మెచ్చుకుని వెళ్ళాడు. షౌకత్ అతను కూర్చున్న స్టూలుని కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. తుడుస్తుంటే తన మీద తనకే రోత పుట్టింది. ఏం తుడుస్తున్నాడు? ఆ మనిషికి ఆ మాట అందించింది తను. నవ్వుతూ అందించాడు. ఇద్దరూ కలిసి ఒక కాపలావాడి చేతిలో పెట్టారు దాన్ని.

భోజనానికి ఇంటికి పోతే అన్నం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకోలేదు. భార్య బషీరున్నీసా కనిపెట్టింది. అడిగితే అంతా చెప్పాడు, జీపు సంగతీ, టీ సంగతీ.

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది, విన్నాక విరుచుకుపడింది. "నీకు నోరు ఊరుకోదా? తెలియకపోతే తెలియదనొచ్చు. తెలిసీ చెప్పావే! పెద్దమనిషి కనపడితే చాలు, నీకు నడుము వంగుద్ది, నాలుక్కూడా వంగుద్ది. ఎన్నిసార్లు చెప్పాను?"

"రాస్తే లైసెన్సు పోద్ది."

"పోద్ది."

"ఈ వయసులో ఏం చేస్తాను?"

"ఏమో! నాకేం తెలుసు? ముందు అన్నం తిను, లేకపోతే చెయ్యి కడుక్కో. అట్టా కలిపి పెట్టుకుని కూర్చోకు, చూడలేకపోతున్నా." అని ఆమె గిన్నెలు చప్పుడయ్యేటట్టు సర్దుకుంటూ వంటింట్లోకి పోయింది. కాసేపటికి అక్కణ్ణుంచే అంది, "ఆమె టీ తాగొచ్చావు కదా. ఎట్టా తాగావు?"

"అప్పటికి నాకు తెలియదు."

"తెలిశాక చెప్పొచ్చావా?"

షౌకత్ చెయ్యి కడుక్కున్నాడు.

కొట్టుకి వచ్చి తెల్లకాగితం బల్ల మీద పెట్టాడు. తుపాకీ స్థితి: బాగున్నది. సూదులు, స్ప్రింగులు: లోపము లేదు. ప్లాస్టిక్ తూటాలు నాలుగు, పేలినవి నాలుగు. కొత్త కాగితపు తూటాలు నాలుగు, పేలినవి నాలుగు. డబ్బాలోని తూటాలు నాలుగు పేల్చగా, రెండు పేలలేదు, ఒకటి బలహీనముగా పేలెను, ఒకటి ఆలస్యముగా పేలెను. క్యాపుల మీది గుంటలు ఇదే తుపాకీవి. తూటాలకు నూనె రాసి ఎండబెట్టినందున క్యాపు, మందు చెడినవి. ఇందాకా కలం ఆగకుండా పోయింది. అక్కడ ఆగింది.

ఇక్కడితో సంతకం పెట్టెయ్యొచ్చు. రాసిందంతా నిజమే. ఒక్క అబద్ధపు ముక్క లేదు. కానీ ఆ డబ్బా ఎవరిదో తేలదు. దీనమ్మ మాట నిలబడదు, ఏసురత్నం మాట అసలే నిలబడదు. ఆ తూటాలు ధనుంజయరావు చేతిలో చూసిన మూడో మనిషి ఊరంతా వెతికినా ఒకడే ఉన్నాడు. వాడు ఈ కాగితం ముందు కూర్చుని ఉన్నాడు.

బయట కోర్టు వదిలి జనం పోతున్నారు. కలం మళ్ళీ సిరాలో ముంచాడు.

* * *

రెండు రోజుల తర్వాత గోపాలకృష్ణయ్య వచ్చాడు. వెంట దీనమ్మ. ఏసురత్నాన్ని చేతికి కట్టు మార్పించటానికి పేటలో ఆసుపత్రికి తీసుకొచ్చారు, అతను అక్కడ వరసలో కూర్చున్నాడు. నూనె రాసిన సంగతి మీద ఆమె వాంగ్మూలం రాసి తెచ్చాడు హెడ్డు. రిపోర్టుతో కలిపి పంపాలి, వేలిముద్ర వెయ్యాలి.

దీనమ్మ గుమ్మంలోనే ఆగి కొట్టంతా చూసింది. గోడకి వేలాడే గొట్టాలు, బిగింపు, ఇసక బస్తా. షౌకత్‌ని గుర్తుపట్టి, "నీ కొట్టేనా అన్నా ఇది?" అంది.

అతను అవునన్నాడు. కాగితం హెడ్డుకి ఇచ్చాడు. "పైకి చదవండి. ఆమెకి తెలియాలి."

హెడ్డు చదివాడు. గుంటల దగ్గర ఆగి తలూపాడు. నూనె దగ్గర గొంతు తగ్గింది. చివరి పేరా రాగానే ఆగిపోయి, కళ్ళతోనే చదువుకుని, షౌకత్ వైపు చూశాడు.

"చదవండి," అన్నాడు షౌకత్.

"'పై తూటాలను పోయిన దీపావళికి ముందు శుక్రవారమున శ్రీ ధనుంజయరావు గారి చేతిలో నేను స్వయముగా చూచితిని. అవి ఆయన సొంతము. అవి పారవేయదగినవని తెలిసియు, వారి మెప్పు కొరకు, నూనె రాసి ఎండబెట్టి వాడుకొనవచ్చునని సలహా యిచ్చినది ఈ క్రింద సంతకము చేసిన నేనే.'"

సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"భాయ్," అన్నాడు హెడ్డు, "చూశానని ఉంచు. దొంగతనం కేసు దాంతోనే పోద్ది. సలహా ముక్క కొట్టేయ్. ఇది పోతే నీ బోర్డు ఉండదు."

"నాకెందుకు చూపించాడని అడిగితే ఏం చెప్పను? ఇంకో అబద్ధం వెతుక్కోవాల. వద్దు, ఉండనీండి."

దీనమ్మ కదలకుండా నిలబడింది. ఆ పుస్తకాల మాటలు ఆమెకి ఎంత అర్థమైనాయోగానీ, అర్థం కావలసింది అర్థమైంది. షౌకత్ ఆమె తిట్టే మాటకి సిద్ధంగా నిలబడ్డాడు. చేతులు పడిపోను అన్నది కదా, మళ్ళీ అననీ, మొహం మీద అననీ అనుకున్నాడు. అంటే కాస్త తేలికవుతుందని లోపల ఆశ కూడా ఉంది.

ఆమె తిట్టలేదు.

"మా ఇంట్లో టీ తాగినావు," అంది. "నేను అంత తిడితే వింటా కూర్చున్నావు. నేనే అని ఒక్క మాట అనలేదే."

షౌకత్ బల్ల మీద కాగితం పెట్టేందుకు చోటు చేశాడు.

హెడ్డు సిరా ప్యాడు తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె ఎడమ బొటనవేలు అద్ది, వాంగ్మూలం కింద గట్టిగా నొక్కింది. వేలికి నల్లగా సిరా. షౌకత్ బల్ల సొరుగులోంచి ఉతికిన గుడ్డ, ఎవరూ వాడనిది, తీసి చాచాడు.

ఆమె దాని వైపు ఒకసారి చూసింది. చెయ్యి చాచలేదు. తన చీర చెంగు తీసుకుని, ఉన్నది ఆ ఒక్క మంచి చీరే అని తెలుస్తూనే ఉంది, దానికే వేలు తుడుచుకుంది. మరక పోయేదాకా తుడుచుకుని, "హెడ్డుగారూ, ఆయనకి వరస వచ్చుంటది, పోదాం," అని సందులోకి దిగింది.